కుటుంబంతో విదేశానికి తరలివెళ్లే ముందు వేయవలసిన లెక్కలు

ఉదయగిరి, వింజమూరు, రాపూరు వైపు పల్లెల నుంచి కువైట్‌కు, నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల నుంచి దుబాయికీ అమెరికాకూ ఉద్యోగాల కోసం వెళ్లినవారు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఎందరో ఉన్నారు. నేను షార్జాలో ఒక వ్యాపార సంస్థ లెక్కల విభాగంలో ఎనిమిదేళ్లు పనిచేశాను. అందులో మొదటి మూడేళ్లు ఒంటరిగా, తరువాతి ఐదేళ్లు భార్యాబిడ్డలతో ఉన్నాను. తిరిగి కావలి వచ్చి స్థిరపడిన తరువాత, ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన బంధువుల పిల్లలు, తెలిసినవారి పిల్లలు సలహా కోసం మా ఇంటికి వస్తున్నారు. వారిలో దాదాపు అందరూ అడిగేది జీతం సరిపోతుందా అనే. ఉద్యోగానికి ఒప్పుకోవడమూ, ఇల్లు మొత్తాన్ని తరలించడమూ ఒకే సంతకంతో జరిగిపోకూడదని, రెండవదానికి వేరే లెక్క, వేరే గడువు ఉండాలని నేను వారికి మొదట చెబుతాను. ఆ లెక్క ఎలా వేసుకోవాలో, వారికి చెప్పే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

వీసా ఏ రకం

అన్నిటికంటే ముందు, చేతికి వస్తున్న వీసా మీద కుటుంబాన్ని తీసుకువెళ్లే హక్కు అసలు ఉందా అన్నది తేల్చుకోవాలి. కువైట్‌లో మనవాళ్లు ఖాదిమ్ వీసా అని పిలిచే ఇంటిపని వీసా మీద వెళ్లినవారు భార్యాబిడ్డలను పిలిపించుకోలేరు. షూన్ వీసా అని పిలిచే కంపెనీ వీసా ఉన్నవారికి కూడా, 2024 నాటి నిబంధన ప్రకారం, సాధారణంగా నెలకు 800 దినార్ల జీతం ఉంటేనే కుటుంబ వీసా దొరుకుతుంది. యూఏఈలో 4,000 దిర్హాముల జీతం, లేదా కంపెనీ వసతితో పాటు 3,000 దిర్హాముల జీతం ఉంటే కుటుంబానికి స్పాన్సర్‌గా ఉండవచ్చు. అయితే ఆ జీతంతో వీసా వస్తుందే తప్ప సంసారం గడవదు. సౌదీ అరేబియా 2017లో వెంట ఉన్న ప్రతి కుటుంబ సభ్యునికీ నెలకు 100 రియాళ్ల చొప్పున రుసుము మొదలుపెట్టి, 2020 నాటికి దానిని 400 రియాళ్లకు పెంచింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఉద్యోగికి అది ఏడాదికి 14,400 రియాళ్లు అవుతుంది. జీతం అంకె చూసి మురిసిపోయి, ఈ ఒక్క ఖర్చు లెక్కలోకి తీసుకోకుండా కుటుంబాన్ని రప్పించుకుని, ఏడాది తిరగకముందే వెనక్కి పంపినవారిని నేను చూశాను.

ఇతర దేశాలలోనూ ఇటువంటి పరిమితులు ఉన్నాయి. సింగపూరులో కుటుంబానికి డిపెండెంట్ పాస్ కావాలంటే ఉద్యోగి జీతం నెలకు 6,000 సింగపూర్ డాలర్లు ఉండాలి. బ్రిటన్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లే కేర్ వర్కర్లు 2024 మార్చి 11 నుంచి కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లే వీలు కోల్పోయారు; 2025 జూలై నుంచి విదేశాల నుంచి కొత్తగా ఆ పనికి తీసుకోవడమే ఆగిపోయింది. అక్కడ ఇతర నైపుణ్య ఉద్యోగాలకు వెళ్లేవారు పెద్దలకు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు ఆరోగ్య సర్‌చార్జిగా, వీసా కాలం మొత్తానికీ ముందే చెల్లించాలి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు మూడేళ్లకు వెళితే ఆ ఒక్క పద్దు కిందనే 10,866 పౌండ్లు కట్టవలసి వస్తుంది. ఈ అంకెలు ప్రభుత్వాలు తరచుగా మారుస్తుంటాయి గనుక, దరఖాస్తు చేసే వారంలోనే ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. ఏజెంటు చెప్పిన మాటను, అక్కడ ఉన్న బంధువు రెండేళ్ల కిందటి అనుభవాన్ని ఆధారంగా తీసుకోకూడదు.

ఏజెంటు ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ (వలసకు ప్రభుత్వ అనుమతి అవసరమైన) కోవలోకి వస్తుంది. వారు గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి నోటిఫై చేసిన దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా అనుమతి పొందాలి. ప్రభుత్వం వద్ద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. వీసా ఖర్చుల పేరుతో లక్షలు అడిగే వ్యక్తి, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని చెప్పే వ్యక్తి మనకు ఎంత దగ్గరివాడైనా సరే, అతని చేతికి డబ్బు ఇవ్వవద్దు. రొయ్యల గుంటనో నిమ్మతోటనో తాకట్టు పెట్టి కట్టిన డబ్బు అలా పోతే, పోయేది ఒక్క ఉద్యోగం కాదు.

రెండు కాలమ్‌ల నోటుబుక్కు

ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం కంటే బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం, ఎంత అన్నది ముఖ్యం. యూఏఈలో ఉద్యోగం విడిచినప్పుడు వచ్చే గ్రాట్యుటీని మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున, ఆ తరువాత ఏడాదికి 30 రోజుల చొప్పున లెక్కిస్తారు. 9,000 దిర్హాముల జీతంలో బేసిక్ 6,000 ఉన్న వ్యక్తికి ఎనిమిదేళ్లకు 39,000 దిర్హాములు వస్తే, అదే జీతంలో బేసిక్ 3,000 గా చూపిన వ్యక్తికి 19,500 మాత్రమే వస్తాయి. సంతకం చేయకముందు అడిగితే దీనిని మార్చే అవకాశం ఉంటుంది, చేసిన తరువాత ఉండదు. కుటుంబ సభ్యుల ఆరోగ్య బీమా, ఏటా విమాన టికెట్లు, పిల్లల ఫీజు కంపెనీ ఇస్తుందా లేదా అన్నవి కూడా ఆ లెటర్‌లోనే స్పష్టంగా ఉండాలి. ఇంటర్వ్యూ చేసిన మేనేజరు ‘చూద్దాం’ అంటే దానికి విలువ లేదు.

ఇక ఒక నోటుబుక్కు తీసుకుని, పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఒంటరిగా వెళితే అయ్యే ఖర్చు, కుడివైపు కుటుంబంతో వెళితే అయ్యే ఖర్చు రాయండి. ఉదాహరణకు 9,000 దిర్హాముల జీతంతో షార్జా వెళుతున్న వ్యక్తిని తీసుకుందాం. ఇవి నేను లెక్క చూపడం కోసం వేసుకున్న అంకెలు. మీ అంకెలు మీరు అక్కడ ఉన్న ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి నింపుకోవాలి. కుడి కాలమ్‌లో ఇంటి అద్దె 3,000, ఇద్దరు పిల్లల ఫీజు 1,200, బడి బస్సు 500, తిండి 1,500, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 700, రాకపోకలు, ఫోన్లు 700, వీసా రెన్యువల్, బీమాల నెలసరి వాటా 300, ఏటా ఇంటికి వచ్చే టికెట్ల వాటా 500 అనుకుంటే మొత్తం 8,400 అవుతుంది, మిగిలేది 600. ఎడమ కాలమ్‌లో నలుగురితో పంచుకునే గదిలో బెడ్‌స్పేస్ 800, తిండి 700, రాకపోకలు, ఫోను 500, టికెట్ వాటా 150 అనుకుంటే 2,150 పోగా 6,850 మిగులుతుంది. దిర్హాముకు 23 రూపాయల చొప్పున చూస్తే కుడివైపు మిగులు 13,800 రూపాయలు. ఎడమవైపు 1,57,550 రూపాయలలో నెల్లూరులో ఇంటి ఖర్చు 45,000 తీసివేసినా 1,12,550 రూపాయలు మిగులుతాయి.

ఈ లెక్కలో మరొక సంగతి ఇమిడి ఉంది. దిర్హాము 1997 నుంచి అమెరికా డాలరుకు 3.6725 చొప్పున ముడిపడి ఉన్నందున, రూపాయి విలువ తగ్గినప్పుడల్లా దిర్హాము పెరిగినట్లు మన ఇళ్లలో సంతోషిస్తాం. ఆ లాభం ఇంటికి పంపే మొత్తానికే వర్తిస్తుంది. కుటుంబం అక్కడే ఉండి సంపాదన అంతా దిర్హాములలోనే ఖర్చైపోతుంటే రూపాయి పడినా లేచినా వారికి ఒరిగేది ఏమీ లేదు. పైగా నెల్లూరులో ఇంటి రుణం ఉంటే దాని వాయిదా 600 దిర్హాముల నుంచి ఎలా కడతారో ముందే చూసుకోవాలి.

మొదటి ఏడాది ఈ లెక్కకు అదనంగా ఇంటి డిపాజిట్టు, మంచాలు, ఫ్రిజ్జు, వంటసామాను, బడి అడ్మిషను, సర్టిఫికెట్ల అటెస్టేషన్ ఖర్చులు వచ్చి పడతాయి. అక్కడ అద్దె నెలనెలా ఇచ్చే అలవాటు తక్కువ. ఏడాది మొత్తానికి నాలుగో ఆరో చెక్కులు రాబోయే తేదీలతో ముందే రాసి ఇవ్వాలి గనుక, జీతం ఆలస్యమైన నెలలో కూడా చెక్కు బ్యాంకుకు వెళ్లిపోతుంది. నేను షార్జా వెళ్లిన ఐదో ఏట మా సంస్థ రెండు నెలలు జీతం ఆపినప్పుడు, ఆ చెక్కు చెల్లడానికి మా ఆవిడ గాజులు అమ్మవలసి వచ్చింది. అందువల్ల కుడి కాలమ్ ప్రకారం ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా కుటుంబాన్ని తీసుకువెళ్లవద్దని గట్టిగా చెబుతాను. ఉద్యోగం పోతే అమెరికాలో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి 60 రోజుల వరకే గడువు ఉంటుంది. గల్ఫ్‌లోనూ గడువు కొద్ది నెలలే. ఆ కొద్ది రోజులలో బడి నుంచి పిల్లలను మాన్పించి, ఇల్లు ఖాళీ చేసి, సామాను అమ్మి రావడం ఎంత కష్టమో ఊహించుకోవాలి.

ఈ అంకెలన్నీ చూసి కుటుంబాన్ని ఇక్కడే ఉంచడం మేలని నేను అనడం లేదు. మూడేళ్ల తరువాత నేను సెలవుకు వచ్చినప్పుడు మా అబ్బాయి ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నా ముందునుంచే వాళ్ల మామయ్య దగ్గరకు సంతకానికి వెళ్లాడు, ఎందుకంటే వాడు బడిలో చేరిన నాటి నుంచి సంతకం చేస్తున్నది ఆయనే. వాడి తప్పు ఏమీ లేదు. ఆ రాత్రి నేను, మా ఆవిడ కూర్చుని, నెలకు లక్ష రూపాయల మిగులు వదులుకోవడానికి తెలిసే సిద్ధపడ్డాం. అలా తెలిసి వదులుకోవడానికే ఆ నోటుబుక్కు.

వెంట వచ్చే మనిషి

భార్య గానీ, భార్యకు నర్సు ఉద్యోగం వచ్చి వెంట వెళ్లే భర్త గానీ, అక్కడ పని చేసే హక్కు పొందుతారా అన్నది సంపాదన ప్రశ్న మాత్రమే కాదు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ భాగస్వామి, జర్మనీలో బ్లూ కార్డు అనే నైపుణ్య ఉద్యోగ అనుమతి ఉన్నవారి భాగస్వామి పని చేసుకోవచ్చు. సింగపూరులో 2021 మే నుంచి డిపెండెంట్ పాస్ ఉన్నవారు ఉద్యోగానికి విడిగా వర్క్ పాస్ తెచ్చుకోవాలి. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లినవారికి 2015 నుంచి పని అనుమతి ఇస్తున్నారు గానీ, అది సాధారణంగా జీవిత భాగస్వామి గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 అనే, యజమాని వేసే దరఖాస్తుకు ఆమోదం పొందిన తరువాతే. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ గ్రీన్ కార్డులలో 7 శాతానికి మించి ఇవ్వరన్న పరిమితి వల్ల మన దేశం వారి వరుస చాలా పొడవుగా ఉంది. ఆ వరుసలో ఉండగా పిల్లలకు 21 ఏళ్లు నిండితే వారు తల్లిదండ్రుల వీసా నీడ నుంచి బయటికి రావలసి ఉంటుంది. ఒంగోలులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, కందుకూరులో లెక్చరరుగా ఉన్న అమ్మాయి రాజీనామా చేయడానికి ముందు, ఎన్నాళ్లు పని లేకుండా ఉండవలసి రావచ్చో, సెలవు మీద వెళ్లే వీలు ఉందో లేదో కాగితం మీద తెలుసుకోవాలి.

మా ఆవిడ కావలిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. షార్జాలో మొదటి ఏడాదిన్నర ఆమె నాతో ఎక్కువ మాట్లాడలేదు. ఉదయం ఆరున్నరకు పిల్లల బస్సు, ఏడింటికి నా బస్సు వెళ్లిపోతే, సాయంత్రం వరకు ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. తరువాత అదే భవనంలో ఉన్న పిల్లలకు ట్యూషను చెప్పాలని చూసినా, అక్కడ అనుమతి లేకుండా ట్యూషను చెప్పడం చట్టవిరుద్ధమని తెలిసి మానుకుంది. వెళ్లే ముందు నేను ఆమెను అడిగింది ‘వస్తావా’ అని మాత్రమే. అక్కడ నీ పగలు ఎలా గడుస్తుందని అడగలేదు. ఆ ప్రశ్న తప్పక అడగండి. జవాబు దొరికే వరకు టికెట్లు కొనవద్దు.

పిల్లల తరగతి

పిల్లల వయసు కంటే వారు చదువుతున్న తరగతిని చూసి తేదీ నిర్ణయించాలి. ఐదో తరగతి లోపు పిల్లలు ఎక్కడైనా సర్దుకుంటారు. ఎనిమిది దాటిన పిల్లల విషయంలో మన రాష్ట్రానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది, దానిని చాలామంది ఇంటరు అయిపోయాక గాని తెలుసుకోరు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, ఇంజినీరింగు, వైద్యం వంటి కోర్సులలో రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకే ఇస్తారు. స్థానికతకు ప్రధానమైన కొలమానం, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండడం, అంటే తొమ్మిది, పది, ఇంటరు రెండేళ్లు. ఈ లెక్కలో నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకీ, ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోకీ వస్తాయి. మధ్యలో రెండేళ్లు దుబాయిలో చదివి ఇంటరుకు తిరిగి వచ్చిన విద్యార్థి, నెల్లూరులో పుట్టి పెరిగినా, ఆ కొలమానం ప్రకారం స్థానికుడు కాకుండా పోయే ప్రమాదం ఉంది. కనుక ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోపు తిరిగి రావడమో, లేదా డిగ్రీ కూడా బయటే చదివించడానికీ, ఎన్‌ఆర్‌ఐ కోటా ఫీజు భరించడానికీ సిద్ధపడడమో చేయాలి.

గల్ఫ్‌లోని సీబీఎస్‌ఈ బడులకు విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. నేను పిల్లలను నవంబరులో తీసుకువెళ్లాను. ఫీజు అందుబాటులో ఉన్న బడులలో సీట్లు లేక, మా అమ్మాయి నాలుగు నెలలు ఇంట్లోనే కూర్చుంది. సీటు ఖాయమైనట్లు బడి నుంచి కాగితం వచ్చిన తరువాతనే ఇక్కడ టీసీ తీసుకోవాలి. అక్కడ అరబిక్ కూడా ఒక సబ్జెక్టు. తెలుగును మాత్రం ఇంట్లో మనమే చెప్పుకోవాలి. ప్రతి శుక్రవారం ఒక గంట మా ఆవిడ పిల్లల చేత నాయనమ్మకు ఉత్తరం రాయించేది.

అమ్మానాన్నలు, పొలం

మా అమ్మ కావలిలో స్నానాల గదిలో జారిపడిన రోజు మా బావ ఆమెను నెల్లూరు ఆసుపత్రికి తీసుకువెళ్లి, సంతకం పెట్టి, ఆపరేషను చేయించాడు. నేను చెన్నైలో విమానం దిగి నెల్లూరు చేరేసరికి రెండో రోజు సాయంత్రమైంది. పెద్దవారు ఇక్కడ ఉండిపోయేటట్లయితే, ఆసుపత్రిలో సంతకం పెట్టేది ఎవరో, అర్ధరాత్రి కారు తీసుకువచ్చేది ఎవరో పేర్లతో సహా ముందే మాట్లాడుకోవాలి. ఆ మనిషి చేతికి అందేలా ఉమ్మడి ఖాతాలో లక్షో రెండు లక్షలో వేసి ఉంచాలి. ‘అందరూ ఉన్నారులే’ అనుకుంటే అవసరమైన రాత్రి ఎవరూ ఉండకపోవచ్చు. ఇది బంధువుల మీద అనుమానం కాదు, బాధ్యత ఒకరికి అప్పగించకపోతే అది ఎవరిదీ కాకుండా పోతుంది.

పొలాన్ని కౌలుకు ఇచ్చి వెళ్లేవారు ఎకరాకు పుట్టిన్నర ధాన్యం అనో రెండు పుట్లనో నోటిమాటగా ఒప్పుకుని వెళ్లడం మన దగ్గర మామూలు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకుంటే యాజమాన్య హక్కుకు భంగం లేకుండానే కౌలురైతుకు పంట రుణం, బీమా వంటివి అందే వీలు కలుగుతుంది. ఇక్కడ ఉండగానే పొలం, ఇంటి వ్యవహారాలకు ఏయే పనులు చేయవచ్చో పేర్కొంటూ నమ్మకమైన వ్యక్తికి పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టరు చేయించండి. అమ్మే అధికారం మాత్రం అందులో ఇవ్వకండి. విదేశంలో రాయించినది అయితే భారత ఎంబసీలోనో కాన్సులేటులోనో అటెస్టు చేయించి పంపాలి, ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా దానికి స్టాంపు సుంకం కట్టించాలి.

విదేశాలలో సంపాదించి ఊళ్లో రెండెకరాలు కొనాలన్నది మనలో చాలామంది కోరిక. ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం ఎన్‌ఆర్‌ఐలు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌసులు కొనకూడదు. అంతకుముందే ఉన్న పొలాన్ని, వారసత్వంగా వచ్చినదాన్ని ఉంచుకోవచ్చు. ఇళ్లు, ఇళ్ల స్థలాలు కొనుక్కోవచ్చు. నిమ్మతోట కొనాలన్నదే మీ అసలు ఉద్దేశమైతే, అది తిరిగి వచ్చి స్థిరపడిన తరువాత చేయవలసిన పని అని గుర్తుంచుకుని ప్రయాణానికి గడువు పెట్టుకోవాలి.

కాగితాలు, బ్యాంకు

వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, డిగ్రీ సర్టిఫికెట్లలో పేర్లు, ఇంటిపేర్లు పాస్‌పోర్టుతో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ముందు చూడాలి. పెళ్లి రిజిస్టరు చేయించుకోనివారు, జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు నమోదు చేయించనివారు మన వైపు ఇంకా ఉన్నారు, వాటిని సరిచేసుకోవడానికే నెలలు పడుతుంది. పత్రాల ధ్రువీకరణపై హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు. యూఏఈ, కువైట్ వంటి దేశాలకు మన విదేశాంగ శాఖ తరువాత ఆ దేశ ఎంబసీ ముద్ర కూడా వేయించాలి.

మామూలు సేవింగ్స్ ఖాతాను, ఇక్కడి ఆదాయం కోసం ప్రవాసులు ఉంచుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకుని, అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి; దాని వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. ఉద్యోగం కోసం వెళ్లే ఏడాదిలో భారతదేశంలో ఉన్న రోజులు 182 కంటే తక్కువైతే ఆ ఆర్థిక సంవత్సరానికి ప్రవాస హోదా వస్తుంది గనుక, వీలుంటే సెప్టెంబరు చివరివారం లోపు బయలుదేరడం మంచిది. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక కొత్త పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా తెరవలేరు.

ముందు ఒకరు, తరువాత అందరూ

ఉద్యోగంలో చేరిన తరువాత కనీసం ఆరు నెలలు ఒంటరిగా ఉండి, ప్రొబేషను పూర్తై, జీతం తేదీకి పడుతోందని నిర్ధారించుకున్నాకే కుటుంబం సంగతి తలపెట్టాలి. ఆ తరువాత మన బడులకు వేసవి సెలవులు ఉండే మే నెలలో వారిని విజిట్ వీసా మీద ఒక నెల రప్పించండి. డిసెంబరు చలిలో దుబాయి ఎవరికైనా నచ్చుతుంది. మే ఎండలో, ఒంటిగది ఇంట్లో, మీరు పది గంటలు ఆఫీసులో ఉన్నప్పుడు కూడా నచ్చితే అప్పుడు తీసుకువెళ్లవచ్చు. పర్యాటక స్థలాలు చూపడం తగ్గించి, బడి, కూరగాయల దుకాణం, క్లినిక్కు, మీరు తీసుకోగల అద్దెలో దొరికే ఇల్లు చూపండి.

తీసుకువెళ్లేటప్పుడు నోటుబుక్కు చివరి పేజీలో ఏ పరిస్థితిలో తిరిగి రావాలో ఇద్దరూ కూర్చుని రాసుకోవాలి. మేము నాలుగు రాశాము: చేతిలో ఆరు నెలల ఖర్చు మూడు నెలలకు తగ్గితే, అమ్మకు మంచం మీద సేవ అవసరమైతే, మా ఆవిడ ఇక ఉండలేనంటే, అమ్మాయి ఎనిమిదో తరగతి ముగిస్తే. ఏటా సెలవుకు కావలి వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చదువుకునేవాళ్లం. జీతాలు ఆగిన ఏడు మొదటి షరతు దాదాపు నెరవేరినంత పనైంది, ఆరు నెలలలో తేరుకున్నాం. కుటుంబం వచ్చిన ఐదో ఏడు మార్చిలో అమ్మాయి ఎనిమిదో తరగతి పరీక్షలు ముగిశాయి. అప్పటికి నా జీతం పెరిగి, కంపెనీ మరో రెండేళ్లు ఉండమని అడుగుతున్నా, పేజీలో రాసుకున్నట్లే నోటీసు ఇచ్చి, జూన్‌లో ఇక్కడి బడులు తెరిచేనాటికి అమ్మాయిని తొమ్మిదిలో, అబ్బాయిని ఆరులో చేర్పించాను.